రైలు విడిచిన దారి

రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై నున్న పాత రైలువంతెనను పాదచారులకు తెరువవలెనను ప్రస్తావన చాలకాలముగా వినవచ్చుచున్నది. 2025 జూన్ నెలలో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకమున ఈ వంతెన పునరుద్ధరణయు చేరియున్నది. అది గోదావరి తీరమువారి వ్యవహారము, మనకేమి యని కృష్ణాతీరవాసులు ఉపేక్షింపరాదు. 1893లో విజయవాడవద్ద కృష్ణపై వంతెన వెలసినను, 1900లో ఈ గోదావరి వంతెన తెరువబడువరకు చెన్నపట్టణమునుండి కలకత్తాకు రైలుమార్గము అవిచ్ఛిన్నము కాలేదు.

హావెలాకు పేర వెలసిన ఆ వంతెన 56 కానాలతో మైలున్నరకు మించి సాగియున్నది. దాదాపు నూరేండ్లు రైళ్ళను మోసి, 1997లో విశ్రాంతి నొందినది. రైలును మోసినదానికి నడచువాడొక బరువా? అయినను ఇనుము తుప్పునకు లోబడునది. ముందుగా దూలములను, స్తంభములను నిపుణులచే పరీక్షింపజేసి, పిమ్మట నేల పరచి, ఇరుప్రక్కల కటకటములు నిలుపవలెను.

రైలుదారి నడకకును సైకిలుకును అనుకూలించుటకు కారణము స్పష్టము. ఇంజను నిటారైన మెరక నెక్కలేదు. ఇరుకు మలుపు తిరుగలేదు. కావున మిట్టలను త్రవ్వి, పల్లములను పూడ్చి, దారిని సమముగా నడపిరి. దానిపై వృద్ధుడు ఆయాసపడక నడువగలడు. బాలిక జంకక సైకిలు త్రొక్కగలదు. ఇంగ్లండులో బ్రిస్టలునుండి బాత్ పట్టణమునకు గల పాత రైలుదారి 1979–86 సంవత్సరముల నడుమ ఇట్లే నడకకును సైకిలుకును వినియోగమునకు వచ్చినది.

మన డెల్టాలో ఇట్టి దారులకు సాటివచ్చునవి కాలువగట్లు. 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు నీటినే గాక పడవలనుగూడ నడపినవి. పడవవారు త్రాళ్ళు భుజమున వేసికొని గట్టువెంట నడచుచు పడవలను లాగెడివారు. గట్టు నాడే కాలిబాట యన్నమాట. నేడు ఆ పడవలు లేవు. ఏలూరు, బందరు, రైవసు కాలువలు విజయవాడ నడుమ పారుచున్నను, నడచువాడు మోటారుబండ్ల నడుమ ప్రాణములు అరచేత పట్టుకొని పోవుచున్నాడు.

గట్లను బాగుచేయుడనుట సులభము. కాని షికారు కొరకు గట్టుపై తలదాచుకొనిన పేదవానిని వెడలగొట్టుట న్యాయము కాదు. ముందు వానికి నిలువనీడ చూపవలెను. గట్టును దున్ని పొలమున కలుపుకొనినవాడు పేదవాడు కాడు. వాడు తొలగుటకు ఎవరి జాలియు అక్కరలేదు. పూడిక తీయుటకును, ధాన్యము తరలించుటకును రైతునకు గట్టుపై గల అవసరముగూడ చెడరాదు.

మరియొక మాట. వంతెనను అంగళ్ళతో నింపి, ప్రవేశరుసుము పెట్టి, వేడుకస్థలముగా ముగింపరాదు. రుసుమిచ్చి చూచునది ప్రదర్శనశాల. పాలబిందెతో పోవువాడును, బడికి పోవు పిల్లయు అడ్డులేక దాటునది దారి. ప్రజలధనముతో వెలసిన దారి రైలు విడిచినను, పడవ విడిచినను, ప్రజలదే కావలెనని మేము కోరుచున్నాము.