గోడపై తామరకొలను

రైల్వే స్టేషన్లు, బస్సు స్టాండులు, బడులు మొదలైన చోట్ల గోడలపై చెట్లు, పక్షులు, జంతువుల బొమ్మలు కనిపిస్తుంటాయి. గోడపై గాని, పైకప్పుపై గాని చిత్రించిన ఇలాంటి బొమ్మలను కుడ్యచిత్రాలు అంటారు. ఇంట్లో తగిలించిన పటాన్ని ఆ ఇంటివారే చూస్తారు. బహిరంగ స్థలంలోని కుడ్యచిత్రాన్ని దారిన పోయేవారందరూ చూస్తారు. అందువల్ల దానిని వేయించేవారికీ, వేసేవారికీ బాధ్యత ఎక్కువ.

కుడ్యచిత్రాలు వేయించడం మన దేశంలో కొత్త కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై పట్టణానికి దగ్గరగా సిత్తన్నవాసల్ అనే ఊరు ఉంది. అక్కడ కొండను తొలిచి చేసిన జైన గుహాలయం పైకప్పుపై ఒక తామరకొలను చిత్రం ఉంది. అందులో విచ్చిన పూలు, మొగ్గలు, వెడల్పాటి ఆకులు, వాటి నడుమ చేపలు, హంసలు, ఏనుగులు, గేదెలు కనిపిస్తాయి. ముగ్గురు మనుషులు కొలనులో దిగి తామరపూలు కోస్తుంటారు.

మదురైకి చెందిన ఇళంగౌతముడు అనే జైనాచార్యుడు ఈ ఆలయాన్ని బాగు చేయించినట్లు అక్కడి తమిళ శాసనం తెలుపుతుంది. అది 9వ శతాబ్దంలో పాండ్యరాజు శ్రీమార శ్రీవల్లభుని కాలం. ఈ చిత్రాలు కూడా ఆ కాలానివేనని చాలామంది పండితుల అభిప్రాయం. చిత్రకారులు మొదట రాతిపై సున్నం, ఇసుక కలిపిన గచ్చు పూశారు. దానిపై పలుచని సున్నపు పూత పూసి, ఆ తరువాతనే రంగులు వేశారు. తెలుపుకు సున్నం, నలుపుకు బొగ్గు, ఎరుపు, పసుపులకు రంగు మన్ను వాడారు. కొంత చెరిగిపోయినా, 1100 ఏళ్లకు పైబడి ఆ కొలను నిలిచి ఉంది.

నేడు ఒక ఊరివారు తమ బడి గోడపై ప్రకృతి చిత్రం వేయించాలనుకుంటే మొదట చూడవలసింది గోడనే. చెమ్మ ఊరే గోడపై రంగు నిలువదు, పెచ్చులుగా ఊడిపోతుంది. పగుళ్లు పూడ్చి, గోడ బాగా ఆరిన తరువాతనే పని మొదలుపెట్టాలి. ఇక చిత్రంలో ఏముండాలి? ఎక్కడో ఉన్న మంచుకొండల కంటె ఆ ప్రాంతపు ప్రకృతే మేలు. ఒడిశాలో చిలికా సరస్సుకు వచ్చే వలస పక్షులు, యానాం దగ్గరి మడ అడవులు ఇందుకు తగినవి. తెలిసిన చెట్టునూ, పిట్టనూ గోడపై చూసిన పిల్లలు వాటిని బయట కూడా గుర్తుపడతారు.

చిత్రకారుడు ముందుగా కాగితంపై నమూనా గీసి చూపాలి. గోడ కొలతలు, రంగుల ఖర్చు, చిత్రకారునికి ఇచ్చే ప్రతిఫలం, గడువు వ్రాసుకోవాలి. రంగు వెలిసినప్పుడు ఎవరు బాగు చేయాలో కూడా అందులో ఉండాలి. నమూనా నచ్చి ఒప్పుకున్న తరువాత ప్రతి గీతకూ అడ్డు చెప్పడం తగదు.

సిత్తన్నవాసల్‌లో ఆలయాన్ని బాగు చేయించిన ఆచార్యుని పేరు శాసనంలో ఉంది. కొలనును చిత్రించిన వారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. బడి గోడపై అలా జరగనవసరం లేదు. చిత్రం అడుగున చిత్రకారుని పేరు, సంవత్సరం వ్రాయించడానికి కొద్దిపాటి రంగు చాలు.