పాత తుపాకీకి పాలిష్ ఎందుకు పెట్టకూడదు?

“పన్నెండు బోరు” అనే మాట మా రాయచూరు జిల్లా ఊళ్లలో పిల్లలు కూడా అంటారు. ఆ పన్నెండు ఏమిటని అడిగితే పెద్దవాళ్లే తడుముకుంటారు. లెక్క తేలికే. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి వెడల్పు అంత. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే పౌనును ఇరవై గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి ఇరవై బోరు గొట్టం ఇంకా సన్నం. రైఫిల్‌కి ఉన్నట్టు లోపల మెలికల గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. ఒక్క తూటాలోంచి రెండు మూడు వందల చిన్న సీసపు గుండ్లు విరజిమ్మినట్టు వెళ్తాయి. ఎగిరే పిట్టల్ని కొట్టడానికి ఇంగ్లండులో తీర్చిదిద్దిన సరుకు ఇది.

మా జిల్లాకీ తుపాకీకీ పరిచయం పాతదే. 1520 రాయచూరు యుద్ధంలో కోట గోడల మీదివాళ్లని పోర్చుగీసు తుపాకీవాళ్లు గురిచూసి కొట్టారని నూనిజ్ రాశాడు. కృష్ణదేవరాయల గురించి చదువుకున్న మనకి ఆ యుద్ధం పేరు కొత్త కాదు. నేను చెప్పేది మాత్రం అంత పాత తుపాకుల సంగతి కాదు. రాయచూరు 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా నిజాం సంస్థానం వైపే ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి షికారు పిచ్చి. పైవాళ్లకి ఏ సరదా ఉంటే కిందివాళ్లకీ అదే కదా! అలా ఇంగ్లీషు జోడుగొట్టాల తుపాకులు ఊళ్లలోకి కూడా వచ్చాయి.

మల్లట్‌లో మా పెద్దతాత దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. అడవిపందుల నుంచి జొన్నచేను కాపాడుకోవడానికని లైసెన్సు. మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ “తుపాకి” అంటుంది, నాన్న కన్నడంలో “బందూకు” అంటారు. పెద్దతాత మాత్రం మనిషిని పిలిచినట్టు “వెబ్లీ” అనేవారు. ఆయన పోయాక దాన్ని స్టేషన్‌లో అప్పగించారు. లైసెన్సు మార్పించుకోవాలా, అమ్మేయాలా అని ఇంట్లో పెద్ద చర్చ. “అమ్మేదైతే ముందు బాగా రుద్దించి, కొత్తగా నలుపు పెట్టిద్దాం, రేటు వస్తుంది” అన్నారు చిన్నాన్న. ఆ మాట విన్నాకే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

పాత తుపాకీని చదవడం అనే అంటాను, ఎందుకంటే దాని ఒంటి నిండా రాతే. మా వెబ్లీ మీద “వెబ్లీ అండ్ స్కాట్” అని ఉంటుంది. ఆ రెండు పేర్లూ ఒకే కంపెనీగా కలిసింది 1897లో. కాబట్టి అంతకుముందుది కాదు. గొట్టాల కింద ఒక చిన్న కిరీటం, దాని కింద ఎన్.పి. అనే అక్షరాలు. ఇవి బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్రలు. అక్కడ మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి కాల్చి చూసి, గొట్టం తట్టుకుంటేనే ముద్ర కొడతారు. ఆ శాల 1813 నుంచి ఉంది. లండన్‌లో అయితే ఆ రెండక్షరాల పైన కత్తి పట్టిన చెయ్యి ఉంటుంది. కొత్తరకం పొగలేని మందుకి పరీక్షించినట్టు చెప్పే ఈ అక్షరాల ముద్రలు 1904 నుంచి వచ్చాయి. అంటే మా తుపాకీ దాని తర్వాతిది. గొట్టాల మీద, మధ్య ఇనుము మీద, ముందు చెక్క ఇనుము మీద ఒకే నంబరు ఉందా అనేది తర్వాత చూడాలి. వేరే వేరే నంబర్లుంటే రెండు తుపాకుల్ని కలిపారన్నమాట.

ఇప్పుడు పాలిష్ సంగతి. మధ్యలో ఉండే ఇనుప పెట్టెని ఎముకల బొగ్గు, తోలు బొగ్గుతో కలిపి కాల్చి నీళ్లలో ముంచితే పైపొర గట్టిపడుతుంది. దాంతోపాటు నీలం, గోధుమ, గడ్డి రంగులు మబ్బుల్లా పరుచుకుంటాయి. చేతి రాపిడికి, ఎండకి అవి మెల్లగా పోతాయి. సేకరించేవాళ్లు మూలల్లో, మీటల పక్కన ఆ రంగు ఎంత మిగిలిందో మొదట వెతుకుతారు. రుద్దే చక్రం కింద పెడితే ఐదు నిమిషాల్లో అంతా తెల్లటి ఇనుమే. గొట్టాల నలుపు కూడా పైపూత కాదు. సన్నగా తుప్పు పట్టించి, బ్రష్‌తో గీకి, మళ్లీ తుప్పు పట్టించి, ఇలా రోజుల తరబడి తెచ్చిన రంగు అది. ఇప్పటి తొందర పద్ధతిలో వేడి ఉప్పు ద్రావణంలో ముంచితే ఇంకో ప్రమాదం. రెండు గొట్టాల్నీ కలిపి ఉంచే మెత్తటి టంకాన్ని ఆ ద్రావణం తినేస్తుంది. టంకం బాగుందో లేదో తెలుసుకోవడానికి గొట్టాల్ని విడదీసి వేలాడదీసి వేలితో మీటుతారు. గుడిగంటలా మోగితే మంచిది, గరగరమంటే ఎక్కడో ఊడింది.

చెక్క కూడా అబద్ధం చెప్పదు. అక్రోటు చెక్కని ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచి బిగిస్తారు. గీకు కాగితంతో రుద్దితే చెక్క ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది, వేలు పెడితే తెలుస్తుంది. మంచి తుపాకీల్లో స్క్రూల గాడులన్నీ గొట్టం వైపే వరుసగా ఉంటాయి. గాడి అంచులు నలిగి ఉంటే చేతకానివాడు విప్పాడని అర్థం.

మనం తాళపత్రాల్లో ప్రక్షిప్తాల గురించి చదువుకున్నాం కదా. లేఖకుడు మంచి ఉద్దేశంతోనే పద్యం “బాగుచేస్తాడు”, అసలు పాఠం పోతుంది. చిన్నాన్న పాలిష్ కూడా అలాంటిదే అనిపించింది నాకు. అరిగిపోవడం దోషం కాదు, వాడారని గుర్తు. మా వెబ్లీ చెక్క మీది గళ్లలో దసరా ఆయుధపూజల కుంకుమ ఇరుక్కుని ఉంది. కొనేవాళ్లకి అది మచ్చే కావచ్చు. నేనైతే గీకనివ్వను.

అందంగా ఉంది కదా అని పేల్చి చూడకూడదు, ఇది గట్టిగా చెప్పాలి. ఇంకా పాతవాటిలో డమాస్కస్ గొట్టాలుంటాయి. ఇనుము, ఉక్కు పట్టీలు పేని, చుట్టి అతికినవి. పట్టుచీర అంచులా నమూనా కనిపిస్తుంది. అవి ఎక్కువగా నల్లమందు కాలానివి. మామూలు ఉక్కు గొట్టమైనా, పాత ఇంగ్లీషు తుపాకీల్లో తూటా గది చాలావాటికి రెండున్నర అంగుళాలే. ఇప్పటి రెండుంబావు మీద అర అంగుళం, అంటే రెండు ముప్పావు తూటా లోపలికి పడుతుంది. కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. లోపల తుప్పు గుంటలు తోమించి తోమించి గోడ పల్చబడిన గొట్టమైతే ఇక చెప్పనక్కర్లేదు.

పాతదైతే లైసెన్సు అక్కర్లేదని ఊళ్లో అనుకుంటారు. 1959 ఆయుధ చట్టంలో మినహాయింపు ఉన్నది రిపేరు చేసినా పేలని పాత ఆయుధాలకే. పేలేది ఏదైనా లైసెన్సు మీదే ఉండాలి. 2019 సవరణతో మామూలుగా ఒక్కరికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. యజమాని చనిపోతే స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి వారసులు దరఖాస్తు చేసుకోవాలి. మా ఇంట్లో ఆ దరఖాస్తు పెట్టింది పెద్దతాత కూతురు, మా అత్త. అప్పగించేటప్పుడు గొట్టాల లోపల పల్చగా నూనె రాసి ఇవ్వాలి. తోలు సంచిలో, గుడ్డలో చుట్టి ఇవ్వకూడదు, అవి తేమని పట్టి ఉంచుతాయి. రసీదు మీద నంబరు సరిగా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి.