మీకు తెలుసా? కారు గేటు దాటేలోపు రెండు బిట్లు!

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కదా! మొదలైనప్పుడు దాని సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. రాత్రీ పగలూ, ఏడాది పొడవునా ఆగకుండా నడిచిందనుకోండి. సగటున 105 సెకన్లకు ఒక కారు! ఇప్పుడు ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్ సంగతి వినండి. 150 నిమిషాలు, 200 ప్రశ్నలు. అంటే బిట్టుకు 45 సెకన్లే! అక్కడ ఒక కారు గేటు దాటేలోపు ఇక్కడ మీరు రెండు బిట్లు ముగించి మూడోదాని మీద ఉండాలన్నమాట!

కాస్త దగ్గరికి రండి, ఒక రహస్యం చెబుతాను. ఐసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు! ఒక్కో బిట్టుకు నాలుగు ఆప్షన్లు. ఏమీ చదవకుండా 200 బిట్లకూ ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయినా, లెక్క ప్రకారం సగటున 50 మార్కులు వస్తాయి. మరి ర్యాంకు రావాలంటే జనరల్ అభ్యర్థికి ఉండాల్సిన కనీస మార్కులు ఎన్ని? సరిగ్గా 50! ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకైతే కనీస మార్కుల నిబంధనే లేదు! అయితే ఆ 50తో మంచి కాలేజీలో సీటు రాదు. కానీ ఒక్క బిట్టునూ ఖాళీగా వదలకూడదని మాత్రం ఆ లెక్క గట్టిగా చెబుతోంది. ఒక బిట్టులో రెండు ఆప్షన్లు తప్పని తేలిపోయాయా? ఇక మీ అవకాశం సగానికి సగం! అలాంటివి 20 ఉంటే సగటున 10 మార్కులు మీవే. చివరి ఐదు నిమిషాలు ఈ పనికే దాచిపెట్టుకోండి!

ఎంబీఏ పరీక్ష అనగానే లెక్కలే గుర్తొచ్చి భయపడుతున్నారా? ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లో గణితానికి 55 మార్కులే! ఇంగ్లిష్ భాగానికి 70! అందులో వ్యాపార పదాలు, కంప్యూటర్ పదాలు కూడా ఉంటాయి. రోజూ కొన్ని మాటలు నోటికి వస్తే చాలు, చూడగానే జవాబు తట్టేస్తుంది. తక్కువ సమయం ఉన్నవాళ్లకు ఇంతకన్నా చవకగా దొరికే మార్కులు ఇంకెక్కడా లేవని నా గట్టి నమ్మకం!

తెలుగు మీడియంలో చదివారా? అయితే ఇది మీకోసమే! 200 ప్రశ్నల్లో 130 తెలుగులోనూ కనిపిస్తాయి! ఇంగ్లిష్ భాగం ఒక్కటే ఇంగ్లిష్‌లో ఉంటుంది. రీజనింగ్, గణితం రెండూ తెలుగులో చదువుకుని జవాబు ఇవ్వొచ్చు. ఇది తెలియక దరఖాస్తే చేయనివాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంత పెద్ద పరీక్షను ఎవరు నడిపారో తెలుసా? 2023లోనూ, 2024లోనూ మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే నడిపింది! ధర్మవరం పక్కనున్న అనంతపురంలోనిదే!

ఇప్పుడు అసలు విడ్డూరానికి వద్దాం. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే బుర్రకెక్కుతుందనుకుంటాం కదా? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించి చూశారు. కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాశారు. వారం తర్వాత నాలుగు విడతలు చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం. ఒక్క విడతే చదివినవాళ్లకు 61 శాతం! తక్కువ చదివినవాళ్లే గెలిచారు! కాబట్టి సూత్రాల పేజీ ఒకసారి చూడండి, మూసేయండి, తెల్లకాగితం మీద రాయండి. గైడ్ నాలుగోసారి తిరగేయడం కన్నా పాత పేపరు ఒకటి గడియారం పెట్టుకుని రాయడం వంద రెట్లు మేలంటాను!

ఇంకో వింత! సోమవారం శాతాలు, మంగళవారం నిష్పత్తులు, బుధవారం కాలం-పని. ఇలా విడివిడిగా చేస్తున్నారా? 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు లెక్కలు నేర్చుకునేవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఒకే రకం లెక్కలు వరసగా చేసింది. రెండో జట్టు అన్ని రకాలూ కలిపేసి చేసింది. సాధన సమయంలో మొదటి జట్టుదే పైచేయి. అంతా బాగా వచ్చేసిందనిపించింది! వారం తర్వాత పరీక్ష పెడితే ఆ జట్టుకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం! మూడు రెట్లు పైనే! ఎందుకంటే అసలు పరీక్షలో ఏ లెక్కకు ఏ పద్ధతో ఎవరూ చెప్పరు. అది కనిపెట్టడమే సగం పని. కలిపి చేసినవాళ్లకు ఆ కనిపెట్టడం అలవాటైపోయింది. కాబట్టి కష్టంగా అనిపిస్తోందని ఆపకండి!

మరి నేర్చుకున్నది మళ్లీ ఎప్పుడు చూడాలి? దానికీ లెక్క ఉంది! 2008లో వెయ్యిమందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనంలో తేలింది. రెండోసారి చూసిన 35 రోజులకు పరీక్ష ఉంటే, మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఎడం 11 రోజులు! వారంలోనే పరీక్షా? అయితే ఒక్క రోజు ఎడం చాలు. ఒకే రాత్రి కూర్చుని రెండుసార్లు చదవడం కన్నా ఈ ఎడమే ఎక్కువ పని చేస్తుంది. మగ్గం దిగాక గంట, షిఫ్టు ముగిశాక గంట దొరికేవాళ్లకు ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది!

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వెళ్తున్నారా? అరగంట చేతిలో ఉందా? బిట్టుకు 45 సెకన్ల చొప్పున అరగంటలో ఎన్ని బిట్లో చూడండి. 40! ఐసెట్ పేపరులో అయిదో వంతు రైల్లోనే అయిపోయింది!

హిందూపురం అంటే చింతపండు మార్కెట్! ఒక బస్తా ధర 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గిందనుకుందాం. ధర మొదటికి వచ్చినట్టేగా? కాదు! 4 శాతం నష్టం! ఇరవైని ఇరవైతో గుణించి వందతో భాగించండి, నష్టం తేలిపోతుంది. ఏ శాతమైనా అంతే! పెన్ను కూడా అక్కర్లేదు!

25లో 16 శాతం ఎంత? తడబడుతున్నారా? తిరగేయండి! 16లో 25 శాతం. అంటే పావు. జవాబు 4! శాతాన్నీ సంఖ్యనూ అటూ ఇటూ మార్చినా జవాబు మారదు!

ధర్మవరం పట్టుచీర కొనాలి. 7 రంగుల ఒళ్లు, 5 రకాల అంచులు, 4 రకాల కొంగులు ఉన్నాయి. ఎన్ని వేర్వేరు చీరలు నేయించొచ్చు? 140! మూడూ గుణిస్తే చాలు! ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో భయపెట్టే ప్రస్తారాలు, సంయోగాలు మొదలయ్యేది ఈ ఒక్క గుణకారంతోనే!

శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంటే నాలుగో నెల, నాలుగో తేదీ. ఆ రోజు సోమవారం. ఇప్పుడు చూడండి చిత్రం! ఆ ఏడాది జూన్ 6, ఆగస్టు 8, అక్టోబర్ 10, డిసెంబర్ 12 కూడా సోమవారాలే! ఒక్క 2022లోనే కాదు. ఏ సంవత్సరమైనా ఈ 5 తేదీలూ వారంలో ఒకే రోజున వస్తాయి! ఇది గుర్తుంటే క్యాలెండర్ బిట్టు 45 సెకన్లలో కాదు, పదిహేనులోనే తేలిపోతుంది. నమ్మకం కుదరకపోతే గోడమీది క్యాలెండర్ తిప్పి చూడండి!

గడియారం ముళ్లు రోజుకు ఎన్నిసార్లు ఒకదానిమీద ఒకటి వస్తాయి? 24 అనేశారా? 22! పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య ఒక్కసారే కలుస్తాయి, అదీ సరిగ్గా పన్నెండుకి!

కొంచెం పైకి చూద్దాం. క్యాట్‌లో 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులనుకుంటున్నారా? కాదు! అది మీ వెనక ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క. 2023, 2024 సంవత్సరాల్లో మొత్తం మార్కుల్లో సగం కూడా రానివాళ్లకు 99 పర్సంటైల్ దక్కింది! అంటే ప్రతి ప్రశ్నా చేయాల్సిన పనే లేదు. ఇక్కడ ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి ఐసెట్ ఎత్తుగడ ఇక్కడ తలకిందులు! వచ్చినవి ఏరుకోవడం, రానివి వదిలేయడం. వదిలేయడం కూడా సాధన చేయాల్సిన విద్యే!

ఎక్స్‌ఏటీ అనే మరో ఎంబీఏ ప్రవేశ పరీక్షలో ఇంకో తిరకాసు ఉంది! అక్కడ 8 ప్రశ్నల దాకా వదలొచ్చు. ఆపైన వదిలే ప్రతి ప్రశ్నకూ మార్కులో కొంత కోత!

ఎంబీఏ కోసమే రాసే స్నాప్ పరీక్ష 60 నిమిషాలే, 60 ప్రశ్నలే! ఒకే ఏడాది మూడుసార్లు రాయొచ్చు, మంచి స్కోరే లెక్కలోకి తీసుకుంటారు!

మొదట తట్టిందే సరైన జవాబు, మార్చొద్దు అంటారు కదా? అమెరికాలో 1,561 మంది విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపేసిన గుర్తులన్నీ పరిశోధకులు లెక్కపెట్టారు. 2005లో ఫలితం బయటపెట్టారు. మార్చిన జవాబుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు మారాయి! ఒప్పు నుంచి తప్పుకు మారినవి పావు వంతే! మరి ఆ మాట ఎందుకు ప్రచారమైంది? మార్చి పోగొట్టుకున్న మార్కు గుండెల్లో గుచ్చుకుంటుంది, మార్చి సంపాదించింది గుర్తుండదు. అంతే! మళ్లీ చదివినప్పుడు కారణం కనిపిస్తే ధైర్యంగా మార్చేయండి.

ఇల్లూ పిల్లలూ, ఉద్యోగం, నాకిప్పుడెందుకు అంటున్నారా? ఐసెట్‌కు గరిష్ఠ వయసు హద్దే లేదు! పైగా వయసు కలిసొచ్చే చోటూ ఉంది. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు రీజనింగ్ భాగంలోని 75 మార్కుల్లో ఎవరికి ఎక్కువో చూస్తారు. అందుకే తక్కువ సమయంలో దానికే పెద్ద వాటా ఇవ్వండి. అక్కడా సమానమైతే తర్వాతి భాగం చూస్తారు. అక్కడా తేలకపోతే? వయసు ఎక్కువున్నవాళ్లకే పై ర్యాంకు!