పాత బండితో మట్టి దారి పట్టే ముందు: ఏం చూడాలి, ఏం మార్చాలి

మా అక్క కొడుకు అనంతపురం పోయి ఒక పాత హీరో ఎక్స్‌పల్స్ 200 కొనుక్కొచ్చాడు. మాది హోసూరు. తెచ్చిన రోజు బండి అద్దంలా మెరుస్తోంది. కొత్త స్టిక్కర్లు, కొత్త హ్యాండిల్ గ్రిప్పులు, సీటుకు కొత్త కవరు. "బండి బాగుండాది మామా, ఒక్క పని కూడా లేదంట" అన్నాడు. మూడో ఆదివారం డెంకణికోట దాటి ఒక క్వారీ దారిలో గుంతలో దిగి లేచేసరికి చైను తెగింది. తెగిన చైను ఇంజను కేసుకు తగిలినా కేసు పగల్లేదు. ఒక్కడే పోయాడు, ఫోనుకు సిగ్నల్ లేదు. తారు రోడ్డు దాకా ఆరు కిలోమీటర్లు బండిని తోసుకుంటూ వచ్చాడు. రాత్రి ఎనిమిది దాకా మా అక్క గడపలోనే కూర్చుంది.

ఆ చైను పాతదేం కాదు. అమ్మే ముందు ఎవరో మెకానిక్కు దాన్ని బాగా బిగించి ఇచ్చాడు. తప్పంతా ఆ బిగింపులోనే ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మన ఊళ్లలో పిల్లలు ఇప్పుడు ఈ బళ్ల మీద మనసు పడుతున్నారు. హోసూరు, కృష్ణగిరి వైపే కాదు, బళ్లారి, సండూరు గుట్టల్లోనూ, కోరాపుట్ ఘాట్లలోనూ ఆదివారం పొద్దున ఇవే కనిపిస్తాయి. విదేశాల నుంచి దిగే అసలు డర్ట్ బైకులు చాలావరకు పోటీ మైదానాల కోసం వచ్చేవి. వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కించకూడదు. అందుకే మధ్యతరగతి ఇళ్లకు దొరికేది 2011లో వచ్చి ఆగిపోయిన హీరో ఇంపల్స్, లేకపోతే 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200. ఎక్స్‌పల్స్‌కు ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం 220 మిల్లీమీటర్లు. ముందు సస్పెన్షన్ 190, వెనక 170 మిల్లీమీటర్లు కదులుతుంది. మామూలు బండికీ దీనికీ అసలు తేడా ఆ కదలికలోనే ఉంది. పాతబడినప్పుడు దెబ్బతినేవీ ఆ కదిలే చోట్లే.

కొనేటప్పుడు చేతితో చూడాల్సినవి

రంగు చూడొద్దు. ముందుగా ఇంజను మీద చెయ్యి పెట్టండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడానికి అది మొరాయిస్తుందేమోనని అనుమానించాలి. ఇంకో రోజు పొద్దున్నే వస్తామనండి. స్టార్టు చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిల్ కాలుతున్నట్టు. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడనక్కర్లేదు.

తరువాత ఎవరినైనా బండి పట్టుకోమని ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు గాడిలో పడినట్టు చిన్నగా ఆగితే కోన్ సెట్టు పోయినట్టే. ఫోర్కుల అడుగు భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి, టక్కుమంటే అదీ అదే. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపితే బేరింగు ఆట తెలుస్తుంది. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా ఊగితే ఆట ఉన్నది దాని పివట్ దగ్గర, అది పెద్ద పని. ఫోర్కు గొట్టాల మీద నూనె చార ఉందా, చిన్న చిన్న గుంటలు పడ్డాయా చూడండి. సీలు మార్చడం తేలిక. గొట్టం మీద గుంట పడితే కొత్త సీలునూ అది కోసేస్తుంది.

చక్రం పుల్లలను చిన్న స్పానరుతో ఒక్కొక్కటే తట్టుకుంటూ పోండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఒకటీ అరా వదులైతే పావు తిప్పు చొప్పున బిగించుకోవచ్చు. వరుసగా నాలుగైదు వదులుగా ఉండి రిమ్ము కూడా వంకర తిరుగుతుంటే ఆ బండి గట్టిగా ఎక్కడో పడిందని అర్థం. హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర రంగు పగిలిందా, కొత్త వెల్డింగు మచ్చ ఉందా అన్నది టార్చి వేసి చూడాలి. అక్కడ వెల్డింగు కనిపిస్తే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రాష్ట్రం దాటే కాగితం

మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా తగిలే చిక్కు. బంధువులు ఆంధ్రలో, తెలంగాణలో ఉంటారు, అక్కడ బండి చవగ్గా దొరికిందని తెచ్చుకుంటాం. ఆర్సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఉందేమో మొదట చూడండి. ఉంటే అప్పు తీరిందన్న లేఖతో ఫారం 35 పెట్టి దాన్ని తీయించాలి. అది కాకుండా డబ్బు ఇవ్వొద్దు. పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీకి ఫారం 28, పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్నూ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలినదాన్ని వెనక్కి అడగొచ్చు గానీ చేతికి రావడానికి ఓపిక కావాలి. బేరం ఆడేటప్పుడే ఈ పన్ను లెక్క వేసుకుంటే ఒక్కోసారి ఆ చవక చవకే కాదని తేలుతుంది. ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం బండిని మట్టిలోకి తీసుకుపోవద్దు. అమ్మినవాడు ఆయిల్ మార్చానన్నా మళ్లీ మార్చండి. దించిన పాత ఆయిల్‌ను పారబోయకముందు చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఇనుప రజను మెరుస్తుంటే మెకానిక్కుకు చూపించాలి. డ్రెయిన్ బోల్టు మరలు అరిగిపోయాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు కాబట్టి అదీ మార్చండి, ఏ రకం పోయాలో మూత మీదే రాసి ఉంటుంది.

ఇక చైను. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి. వెనక చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు చైను బిగువు ఒకేలా ఉండదు. ముందు స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక ఇరుసు ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ, అంటే చైను అన్నిటికంటే బిగువుగా ఉండేది అక్కడే. మామూలు బండి వెనక భాగం ఎక్కువగా కదలదు కాబట్టి స్టాండు మీద చూసిన బిగువుకూ నడిచేటప్పటి బిగువుకూ పెద్ద తేడా ఉండదు. ఈ బళ్లలో చక్రం చాలా దూరం కదులుతుంది. స్టాండు మీద నిలబెట్టినప్పుడు చైను వేలాడుతున్నట్టు కనిపించాలి, అది దాని తీరు. రోడ్డు బళ్లకు అలవాటు పడ్డ మెకానిక్కు దాన్ని చూసి 'లూజు' అని బిగిస్తాడు. అలా బిగిస్తే గుంతలో దిగి సస్పెన్షన్ కుంగినప్పుడు ఆ లాగుడంతా చైను మీదా, గేరు బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు బేరింగు మీదా పడుతుంది. మావాడి చైను తెగింది. తెగకుండా ఉంటే నెమ్మదిగా ఆ బేరింగు పోయేది, ఇంజను విప్పాల్సి వచ్చేది.

ఎంత వదులు ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. బండిని నిటారుగా పట్టుకుని వెనక సీటు మీద ఇద్దరు కూర్చోండి, లేదా గట్టి బెల్టుతో వెనక భాగాన్ని కిందికి లాగి కట్టండి. పైన చెప్పిన మూడూ ఒక గీతలోకి వచ్చేదాకా కుంగాలి. ఆ స్థితిలో కింది వైపు చైను మధ్యలో వేలితో ఎత్తితే ఇంకా ఒక సెంటీమీటరు దాకా కదలాలి. తరువాత బండిని వదిలేసి స్టాండు మీద ఎంత వదులుందో స్కేలు పెట్టి కొలిచి రాసిపెట్టుకోండి. ఇకముందు మీ బండికి అదే కొలత. ఎవరు బిగిస్తానన్నా ఆ కాగితం చూపించండి. చైను వెనక స్ప్రాకెట్టు మీద నుంచి వెనక్కి లాగితే సగం పన్ను కనిపించేంత లేస్తుందా, పళ్లు గోళ్లలా ఒక పక్కకు వంగాయా? అప్పుడు చైను ఒక్కటే మార్చితే డబ్బు దండగ, చైన్ స్ప్రాకెట్ సెట్టు మొత్తం వేయించాలి.

ఎయిర్ ఫిల్టరు గురించి ఒక్క మాట. కాగితపు ఫిల్టరును కడగకూడదు, మార్చాలి. స్పాంజిది అయితే కిరోసిన్‌లో పిండి, తరువాత సబ్బు నీళ్లలో కడిగి, నీడలో బాగా ఆరనిచ్చి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలి. పెట్రోలుతో కడగడం ప్రమాదం, జిగురు కూడా ఊడుతుంది. మన దారుల దుమ్ముకు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ప్రతి రెండు మూడు ఆదివారాలకు ఒకసారి తీసి చూడటం మేలు.

గాలి, టైరు, చిన్న చిన్న తెలివితేటలు

తారు రోడ్డు గాలితో రాళ్లలోకి పోతే టైరు బంతిలా ఎగురుతుంది. కొన్ని పౌండ్లు తగ్గిస్తే నేలను పట్టుకుంటుంది. కానీ ఇవి ట్యూబు టైర్లు. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇంకో ప్రమాదం, టైరు రిమ్ము మీద జారి తనతో పాటు ట్యూబునూ లాక్కుపోతుంది, వాల్వు మొదలు తెగుతుంది. అందుకే రిమ్ లాక్ లేకుండా 18 పౌండ్ల కంటే కిందికి నేను దిగను. వాల్వు మీద ఉండే చిన్న నట్టును రిమ్ముకు బిగించకుండా మూత దగ్గరికి తెచ్చి పెట్టండి. అప్పుడు టైరు జారడం మొదలైతే వాల్వు పక్కకు వాలి ముందే చెబుతుంది. తిరిగి హైవే ఎక్కే ముందు గాలి కొట్టించుకోవడం మాత్రం మరిచిపోవద్దు.

క్లచ్చి, బ్రేకు లివర్ల క్లాంపులను రాయిలా బిగించొద్దు. గట్టిగా తోస్తే తిరిగేంత బిగువు చాలు. బండి పడ్డప్పుడు లివరు పక్కకు తిరుగుతుంది గానీ విరగదు. అయినా ఒక క్లచ్చి లివరు సంచిలో ఉండాలి. దాంతో పాటు ఒక ట్యూబు, టైరు లివర్లు, చేతి పంపు, రెండు చక్రాల ఇరుసు నట్లకు సరిపోయే స్పానర్లు, చైను లింకు. ఆ లింకు క్లిప్పును మూసి ఉన్న కొస చైను పరుగెత్తే వైపు ఉండేలా వేయాలి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలి ఊడిపోతుంది.

డబ్బు మిగిలితే సైలెన్సరు మార్చాలని అందరికీ ఉంటుంది. మావాడికీ ఉండేది. శబ్దం పెరగడం తప్ప దాంతో వచ్చేదేమీ లేదు, పల్లెల్లో దారి ఇచ్చేవాళ్లు కూడా ఇవ్వరు. ఆ డబ్బుతో చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు కొనిపించాను. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు ఉండాలి. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత మంచిదైనా కొనొద్దు, లోపల ఏ దెబ్బ తిన్నదో పైకి కనిపించదు.

ఎక్కడ తిప్పాలి అన్నది కూడా బండి తయారీలో భాగమే. అంచెట్టి వైపు అడవి చాలావరకు కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు. రిజర్వు అడవిలోనూ అటవీశాఖను అడగకుండా బండి దించొద్దు. పంచాయతీ మట్టి రోడ్లు, చెరువు పక్క బాటలు, అడిగితే పోనిచ్చే పాత క్వారీ దారులు మనకు చాలు. ఊళ్లోకి పోయినప్పుడు ఇంజను ఆపి, వాళ్ల భాషలో రెండు మాటలు మాట్లాడండి. తరాలుగా ఇక్కడున్న మనకు ఆ భాష వస్తుంది, అదో సుఖం. చేను గట్టు మీద బండి ఎక్కిస్తే ఏ భాషా పనిచేయదు.

వాగు దాటేటప్పుడు ఇంజనులోకి నీళ్లు పోయి ఆగిపోతే స్టార్టరు నొక్కొద్దు. నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టకుండా ఇంజను తిప్పితే నీళ్లు బయటికి కొడతాయి. ఫిల్టరు ఆరాక ప్లగ్గు వేయాలి. ఇంటికి వచ్చాక ఆయిల్ రంగు చూసి మార్చాలి.

బళ్లారి, రాయచూరు వైపు వాళ్లు నల్లరేగడి ఎండకముందే కడగాలి. ఎండితే అది సిమెంటు, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. వాటర్ సర్వీసు పంపును బేరింగుల మీదికి, కోన్ సెట్టు మీదికి సూటిగా కొట్టనివ్వొద్దు. గ్రీజు పోయి నీళ్లు నిలుస్తాయి. కడిగాక కాస్త దూరం నడిపి, చైను ఆరిన తరువాత నూనె వేయండి.

మావాడు ఇప్పుడు ఇద్దరు స్నేహితులతోనే పోతున్నాడు. ఏ దారిలో పోతున్నాడో, ఎన్ని గంటలకు వస్తాడో కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటించి పోతాడు. ఆ కాగితం కిందే చైను కొలత రాసిన చీటీ కూడా ఉంది.