నిద్రపోయే వైరస్: హెచ్‌ఐవీకి మందులున్నా పూర్తిగా ఎందుకు నయం కాదు?

సూరత్ దగ్గర, 48వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న కడోదరా బట్టల మిల్లుల ఊరు. ఈ ప్రాంతపు వస్త్ర పరిశ్రమను నడిపేది ఎక్కువగా వలస కార్మికులే. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నాయి. పండగకో, పెళ్లికో సొంతూరికి వచ్చి వెళ్తుంటాయి.

అలాంటి కార్మికుడొకరు హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నారనుకుందాం. రక్తంలో వైరస్ కనిపించడం లేదని పరీక్షలో తేలింది. ఈలోగా ఊరి ప్రయాణం వచ్చింది, మందులు అయిపోయాయి. 'వైరసే లేనప్పుడు నెల రోజులు మానితే ఏమవుతుంది?' అన్న ఆలోచన రావడం సహజమే. కానీ మందులు ఆపిన వారిలో ఎక్కువ మందికి రెండు మూడు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలోకి వస్తుంది. మరి అంతవరకు అది ఎక్కడ దాక్కుంది?

కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు

వైరల్ లోడ్ పరీక్ష కొలిచేది రక్తంలో తిరుగుతున్న వైరస్‌ను మాత్రమే. హెచ్‌ఐవీ మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాల్లోకి చొరబడి, తన జన్యు సమాచారాన్ని డీఎన్‌ఏగా మార్చి, మన డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఇలా సోకిన కణాల్లో చాలా వరకు త్వరగా చనిపోతాయి. కొన్ని మాత్రం 'జ్ఞాపక కణాలు'గా మారి ఏళ్ల తరబడి విశ్రాంతి తీసుకుంటాయి. ఒకసారి ఎదుర్కొన్న క్రిమిని గుర్తుంచుకోవడం వాటి పని. ఆ కణం నిద్రపోతే అందులోని వైరస్ జన్యువులూ నిద్రపోతాయి. దీన్నే నిద్రాణ స్థితి అంటారు.

నిద్రలో ఉన్న వైరస్ ప్రొటీన్లు తయారుచేయదు. అందువల్ల రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టలేదు. మందులూ ఏమీ చేయలేవు. ఎందుకంటే ఏఆర్‌టీ మాత్రలు అడ్డుకునేది వైరస్ కొత్త కణాలకు సోకడాన్ని. ఇప్పటికే డీఎన్‌ఏలో అతుక్కున్న ప్రతిని అవి తొలగించలేవు.

ఇలాంటి కణాలు ఉన్నాయని 1997లో అమెరికాలోని మూడు పరిశోధక బృందాలు వేర్వేరుగా చూపించాయి. విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణాల్లో దాదాపు పది లక్షలకు ఒకదానిలో మాత్రమే మళ్లీ పెరగగల వైరస్ ఉంటుంది. ఈ నిల్వ సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది. ఆ లెక్కన మాత్రలతోనే అది పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లకు పైగా కావాలి. పైగా ఈ కణాలు విభజన చెందినప్పుడు, వాటితోపాటు వైరస్ ప్రతి కూడా రెట్టింపవుతుంది.

ఆశ, నిరాశ, మళ్లీ ఆశ

అమెరికాలోని మిసిసిపీలో 2010లో హెచ్‌ఐవీతో పుట్టిన ఒక పాపకు సుమారు 30 గంటల్లోనే చికిత్స మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత మందులు ఆగిపోయినా వైరస్ కనిపించలేదు. పాపకు నయమైందని ప్రపంచమంతా సంతోషించింది. కానీ 27 నెలల తర్వాత, 2014లో వైరస్ తిరిగి వచ్చింది.

నిజంగా నయమైన మొదటి వ్యక్తి తిమోతీ రే బ్రౌన్. రక్త క్యాన్సర్ చికిత్సలో భాగంగా 2007లో బెర్లిన్‌లో ఆయనకు మూలకణాల మార్పిడి చేశారు. హెచ్‌ఐవీ కణంలోకి వెళ్లడానికి సాధారణంగా వాడుకునే సీసీఆర్5 అనే 'తలుపు' దాత కణాల్లో లేదు. తర్వాత మరికొందరికి ఇలాగే నయమైంది. అయితే ఈ మార్పిడి ప్రాణాలకే ముప్పు తేగలదు. అందుకే క్యాన్సర్ లాంటి కారణం లేకుండా దీన్ని చేయరు.

మిగిలిన దారుల్లో రెండు ఇవి. ఒకటి, నిద్రలో ఉన్న వైరస్‌ను మందుతో లేపి, ఆ కణాన్ని చంపడం. వోరినోస్టాట్ అనే మందు వైరస్‌ను లేపగలదని 2012లో తేలింది కానీ, నిల్వ మాత్రం తగ్గలేదు. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: వైరస్‌ను ఎప్పటికీ లేవకుండా నిద్రపుచ్చడం. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మన కణాలు కూడా కొద్దిగా తయారుచేసుకుంటాయి. ఈ వాయువు వైరస్ మేలుకోకుండా ఆపగలదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. ఇది ప్రయోగశాలలో కణాలపై వచ్చిన ఫలితం, ఇంకా చికిత్స కాదు.

మన దేశంలో పరిశోధన జరగడానికి మరో కారణమూ ఉంది. ప్రపంచంలో ఎక్కువ ప్రయోగాలు పాశ్చాత్య దేశాల్లో కనిపించే బి ఉపరకంపై జరిగాయి. మన దగ్గర ఎక్కువగా ఉన్నది సి ఉపరకం. వైరస్ జన్యువులను ఆన్ చేసే 'స్విచ్' ఒకటి అదనంగా ఉన్న సి రకం వైరస్‌లు భారత్‌లో ఉన్నట్లు బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రానికి చెందిన ఉదయకుమార్ రంగా బృందం గుర్తించింది. స్విచ్‌లు వేరైతే, నిద్ర, మెలకువల తీరు కూడా వేరు కావచ్చు.

అంతవరకు ఏం చేయాలి?

రోజూ వేసుకునే మాత్ర ఈ నిద్రకు కాపలా. అది ఉన్నంతకాలం ఎప్పుడో ఒక కణం మేలుకున్నా వైరస్ ముందుకు పాకలేదు. వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలకడగా ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా వైరస్ ఇతరులకు సోకదు. మాటిమాటికీ మానేస్తే మాత్రం మందులకు లొంగని వైరస్ పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది.

మన దేశంలో ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాలు 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులను ఉచితంగా ఇస్తున్నాయి. ఊరు మారేవారు తమ చికిత్సను కొత్త చోటికి దగ్గరి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. కడోదరా నుంచి కరీంనగర్‌కు బయల్దేరే ముందు టికెట్‌తోపాటు మందుల సంగతీ చూసుకోవాలి. మనం సెలవు తీసుకోవచ్చు కానీ, మాత్రకు సెలవు ఇవ్వకూడదు.