పులుపు మనకు, పిక్క నూలుకు

మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలే నాటికి పల్నాడులో చింతకాయ గుల్లబారుతుంది. గోటితో తట్టి చూస్తే తెలిసిపోతుంది. పచ్చికాయ మొద్దుగా పలుకుతుంది, పండింది బోలుగా మోగుతుంది. లోపలి గుజ్జు నీరు పోయి ముడుచుకుని పెంకును వదిలేయడమే ఆ చప్పుడుకు కారణం. ఇక కొమ్మలు దులపడమే తరువాయి. అటు చేలల్లో పండుమిరప కోతకొచ్చే రోజులూ ఇవే. రెండూ ఉప్పుతో కలిసి రోట్లో పడితే చిలకలూరిపేట వైపు ఇళ్లలో ఏడాది పచ్చడి జాడీకెక్కుతుంది. గోంగూరకు ఎంత పేరున్నా, గుంటూరు కారాన్ని నిలబెట్టేది చింతపులుపేనని నా అభిప్రాయం. గోంగూర పక్షం వాళ్లు కోప్పడితే పడనీండి.

కంది, పెసర, మినుము ఏ కుటుంబానివో చింతా ఆ కుటుంబానిదే. కాయను చూస్తే పోలిక తెలుస్తుంది, నడవడిక మాత్రం వేరు. పెసరకాయ ఎండితే పగిలి గింజ నేల రాలుతుంది. కోత ఆలస్యం చేసిన రైతుకు ఆ నష్టం బాగా తెలుసు. చింతకాయ ఎంత ఎండినా తనంతట తాను పగలదు. గింజను విసిరేయడం మాని, దాని చుట్టూ గుజ్జును ఎరగా పెట్టుకుంది. కోతులు గుజ్జు కోసం కాయ కొరుకుతాయి, గింజను ఇంకెక్కడో వదిలేస్తాయి. ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశానికి ఎంత పాతకాలంలో వచ్చిందంటే, పరాయిదంటే ఎవరూ నమ్మరు.

చింత చచ్చినా పులుపు చావదంటారు. కాయ పండినా చావదు. మామిడి పండేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. చింతలో చక్కెరలు పెరుగుతాయి గానీ టార్టారిక్ ఆమ్లం ఖర్చు కాదు, అలాగే ఉండిపోతుంది. గుజ్జులో ఈ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. ఆ తీపిని వెనక్కి నెట్టి మరీ నాలుకను పట్టుకుంటుందంటే దాని జోరు అదీ.

పండిన కాయ ఒకటి ఒలిచి చూడండి. పెళుసు పెంకు ముక్కలై రాలుతుంది. తొడిమ దగ్గర మొదలైన ఈనెలు గుజ్జు మీదుగా కొసదాకా దిగుతాయి. గుజ్జులో ఒక్కో గింజకూ గట్టి తోలుపొరతో విడి గది. ఆ పొర చీల్చితే నున్నటి ముదురు గోధుమరంగు పిక్క బయటపడుతుంది. అది పూర్తి గుండ్రం కాదు, నలుపలకా కాదు. రెండు ముఖాల మీదా సన్నటి గీత ఒకటి చుట్టు తిరిగి ఉంటుంది. తూకంలో చూస్తే పండులో దాదాపు 55 పాళ్లు గుజ్జు, 34 పాళ్లు గింజ, మిగతా 11 పెంకూ పీచూ. మనం పారేసేది ఏమంత తక్కువ కాదన్నమాట.

ఆడపిల్లలకు ఈ సంగతి ముందే తెలుసు. వామనగుంటల పీటకు పిక్కలే కావాలి. అష్టాచెమ్మాకైతే పిక్కను గరుకు బండ మీద అరగదీస్తారు. వేలు కాలేదాకా రుద్దితే గోధుమరంగు తొక్క పోయి తెల్ల పప్పు కనిపిస్తుంది. నల్లవైపు, తెల్లవైపు, పందెం సిద్ధం. కరువు రోజుల్లో అదే పప్పును వేయించి, నానబెట్టి, తొక్క తీసి తిన్నారు.

పత్తికీ స్పిన్నింగు మిల్లులకూ పేరున్న ఊరు చిలకలూరిపేట. ఇక్కడ ఆ తెల్ల పప్పుకు ఇంకో లెక్క ఉంది. నూలు మగ్గం ఎక్కేముందు పడుగుకు గంజి పట్టించాలి, లేకపోతే రాపిడికి పోగులు తెగుతాయి. గంజి అనగానే బియ్యం, రాగులు గుర్తొస్తాయి. 1942లో టి.పి. ఘోష్, ఎస్. కృష్ణ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చింతగింజ పప్పులో జిగురుకట్టే పదార్థం 46 నుంచి 48 శాతం ఉందని ప్రకటించారు. అక్కణ్నుంచి ఆ పిండి పత్తి నూలుకూ జనపనారకూ గంజిగా, అద్దకంలో రంగును చిక్కబరిచే సరుకుగా మిల్లులకెక్కింది. అందులో ఉన్నది జైలోగ్లూకాన్. అయోడిన్ చుక్క వేస్తే పిండిపదార్థంలాగే నీలం తిరుగుతుంది గానీ అది పిండిపదార్థం కాదు. మొలకెత్తే మొక్క కోసం గింజ తన పప్పుబద్దల గోడల్లో దాచుకున్న తిండి అది. కంటి పొడిబారుడుకు వాడే చుక్కల మందుల్లోనూ ఇప్పుడు కలుపుతున్నారు. మిల్లులూ ప్రయోగశాలలూ రాకముందే కొండపల్లి వాళ్లు దీని పట్టు కనిపెట్టారు. పొణికి కర్ర బొమ్మకు చేతులూ కాళ్లూ అతికే మక్కు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిందే.

ఇంత గుణమున్న పిక్కలో రైతుకు నచ్చనిది ఒకటుంది. పాతితే సులువుగానే మొలుస్తుంది గానీ తల్లిచెట్టు కాయే కాస్తుందన్న పూచీ లేదు. పైగా కాపు కోసం ఏడెనిమిదేళ్లో ఇంకా ఎక్కువో ఆగాలి. అంటుమొక్కైతే నాలుగైదేళ్లకే కాపు మొదలవుతుంది, కాయా తల్లిదే. అనంతపురం ఉద్యాన పరిశోధన కేంద్రం ఇచ్చిన అనంత రుధిరలో గుజ్జు ఎర్రగా ఉంటుంది. రకాన్ని బట్టే ధర కూడా: హిందూపురం మార్కెట్లో కరిపులి రకం చింతపండుకు ఒక ధర, ఫ్లవరు రకానికి ఒక ధర పలుకుతాయి. గట్టు మీద నీడకు ఒక చెట్టు చాలనుకుంటే పిక్క పాతండి. అమ్ముకోవాలనుకుంటే అంటు తెచ్చుకోండి.