ఫోన్లు మూగబోయిన నాడు పాలబండి కబురు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లు కూడా ఆగిపోయిన సంగతి ఉత్తర కోస్తా సంఘాల వారికి మేము గుర్తు చేయనక్కరలేదు. అటువంటి రోజున కూడా గేదె పాలివ్వక మానదు. పిండిన పాలను కొద్ది గంటలలో చల్లబరచకపోతే పులిసిపోతాయి. బండి వస్తున్నదా, ఏ దారిన వస్తున్నది, పక్క ఊరి బల్క్ కూలరు జనరేటరు మీద నడుస్తున్నదా అన్న నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, క్యాన్లు ఎటు పంపాలో కార్యదర్శి తేల్చుకోగలరు. సెల్‌టవరు, ఇంటర్నెట్టు లేకుండా ఆ నాలుగు ముక్కలు చేరవేసే చిన్న రేడియో పద్ధతి ఒకటి ఉన్నది.

దాని పేరు లోరా. ఇది మన గొంతును పంపదు. చిన్న రాత కబుర్లను చాలా నిదానంగా పంపుతుంది. ఆ నిదానం వల్లనే ఎంతో బలహీనమైన సంకేతాన్ని కూడా అవతలి పెట్టె పట్టుకోగలదు. అరచేతిలో ఇమిడే ఈ పెట్టె కొద్ది వేల రూపాయలకు దొరుకుతుంది. 2020లో మొదలైన మెష్‌టాస్టిక్ అనే ఉచిత ప్రోగ్రామును అందులో వేసి, బ్లూటూత్ ద్వారా మన ఫోనుకు కలుపుకోవాలి. ఇక ప్రతి పెట్టె తాను విన్న కబురును పక్క ఊరికి తిరిగి వినిపిస్తుంది. మామూలు అమరికలో ఒక కబురు ఇలా మూడు గెంతులు వేస్తుంది. ఏడు వరకు పెంచవచ్చును గాని, పెంచిన కొద్దీ గాలిలో రద్దీ పెరిగి అసలు కబుర్లే తప్పిపోతాయి.

ఎంత దూరం పోతుందని అందరూ అడుగుతారు. ప్రకటనలలో కనిపించే వందల కిలోమీటర్లు కొండ మీది నుంచి కొండ మీదికి కొలిచినవి. మన కొబ్బరితోటలకు ఆ లెక్క వర్తించదు. ఇళ్ల మధ్య బల్ల మీద పెడితే కిలోమీటరు కూడా పోకపోవచ్చు. అదే పెట్టె ఊరి మంచినీటి ట్యాంకు మీద ఉంటే పది కిలోమీటర్లు దాటవచ్చు. కనుక ఖరీదైన పెట్టె కోసం వెతకడం కంటే పంచాయతీ వారిని అడిగి ట్యాంకు మీద జానెడు చోటు సంపాదించడం మేలని మా అభిప్రాయం. అక్కడ సోలారు పలకతో నడపాలి కనుక తక్కువ కరెంటు తీసుకునే ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్పు ఉన్న పెట్టె కొనండి. పిడుగుల బెడద ఉన్నది, ఎర్తు మరువకండి.

మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005 నుంచి ఉన్నది. పెట్టె కొనేటప్పుడు ఆ పౌనఃపున్యానికి సరిపోయేదేనా, ప్రభుత్వ ఆమోదం ఉన్నదా అని అడగండి. అమెరికా కోసం 915కు చేసిన యాంటెన్నా మనకు సరిపడదు. ప్రోగ్రాములో ప్రాంతం ఇండియా అని ఎంచుకోవాలి. యాంటెన్నా బిగించకుండా పెట్టెను ఆన్ చేయరాదు, రేడియో భాగం కాలిపోయే ప్రమాదం ఉన్నది.

పెట్టెతో వచ్చే మామూలు చానలు తాళం లోకమంతటికీ తెలిసినదే. మీ రూటు సంఘాలన్నీ కలిసి కొత్త తాళం పెట్టుకోండి. అన్ని పెట్టెలనూ 'రూటర్' చేయకండి, ట్యాంకు మీది దానికి తప్ప ఆ పని అక్కరలేదు.

ఇక తెలుగు సంగతి. ఒక కబురులో సుమారు రెండు వందల బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. మన అక్షరానికి మూడు, దాని గుణింతపు గుర్తుకు మరో మూడు. 'పా' అన్నా ఆరు పోయినట్లే. అందుచేత ఉత్తరం రాసినట్లు రాయక, 'బండి రాదు', 'కూలరు ఆగింది' అన్నంత పొట్టిగా రాయడం అలవాటు చేసుకోవాలి.

మొదట పక్కపక్కనున్న మూడు సంఘాలు, బల్క్ కూలరు ఉన్న కేంద్రం కలిసి మొదలుపెడితే చాలు. ఉదయం పాల సేకరణ ముగియగానే ఆనాటి లీటర్ల అంకె ఒక్కటి పంపండి. అది అందని రోజున ఏ బ్యాటరీ దిగిపోయిందో, ఏ తీగ ఊడిందో వెతికి ఆ సాయంత్రం లోపే బాగు చేయించుకోండి.